దూది పుల్ల తేల్చని ప్రశ్న: క్రీడాకారిణులకు మళ్లీ వచ్చిన జన్యు పరీక్ష

1985 ఆగస్టు. జపాన్‌లోని కోబే నగరంలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు. స్పెయిన్ తరఫున హర్డిల్స్ పరుగుకు వచ్చిన మరియా హోసే మార్తీనెస్ పతీన్యోకు అప్పుడు 24 ఏళ్లు. తెచ్చుకున్న సామానులో ఒక కాగితం లేదు. రెండేళ్ల కిందట హెల్సింకీ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో పరీక్ష చేసి, ఈమె స్త్రీయే అని ఇచ్చిన ధ్రువపత్రం అది. ఇంటి దగ్గరే మర్చిపోయి వచ్చింది. కాగితం లేదు కాబట్టి మళ్లీ పరీక్ష చేయాలన్నారు. బుగ్గ లోపలి పొర నుంచి కాసిని కణాలు తీసుకున్నారు. ఫలితంలో ఏదో తేడా ఉందని ఆ తర్వాత కబురొచ్చింది. దెబ్బ తగిలినట్టు నటించి పరుగు నుంచి తప్పుకోమని జట్టు డాక్టర్ సలహా. తోటివాళ్లు పరుగెడుతుంటే ఆమె గ్యాలరీలో కూర్చుంది. అసలు జబ్బేమిటో ఎవరూ చెప్పలేదు. తన తోడబుట్టినవాణ్ని బలి తీసుకున్న లుకేమియా తనకూ వచ్చిందేమో అని భయపడింది. ఎయిడ్సేమో అని కూడా అనుకుంది.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నది జబ్బు పేరు కాదు. ఆమె కణాల్లో ఎక్స్‌వై క్రోమోజోములున్నాయని రాసి ఉంది. అంటే సాధారణంగా మగవాళ్లలో ఉండే జత. పుట్టినప్పటి నుంచీ ఆడపిల్లగా పెరిగింది, శరీరం ఆడ శరీరం, తనకు అనుమానమన్నదే లేదు. 1986 జనవరిలో జాతీయ పోటీల ముందు మళ్లీ అదే మాట చెప్పారు: గాయమని చెప్పి తప్పుకో, లేకపోతే బయటపెడతాం. ఆమె తప్పుకోలేదు. 60 మీటర్ల హర్డిల్స్ గెలిచింది. వెంటనే సంగతి పత్రికలకెక్కింది. క్రీడాకారుల హాస్టల్ నుంచి పంపించేశారు. స్కాలర్‌షిప్ పోయింది. రికార్డులు చెరిపేశారు. పెళ్లి చేసుకోవాల్సినవాడూ వెళ్లిపోయాడు.

నలభై ఏళ్ల తర్వాత, బుగ్గ లోపలి కణాలు తీసే అదే దూది పుల్ల మళ్లీ తప్పనిసరి అయింది. అంతర్జాతీయ అథ్లెటిక్స్‌ను నడిపే వరల్డ్ అథ్లెటిక్స్ 2025 జూలైలో నిబంధన తెచ్చింది, సెప్టెంబర్ 1 నుంచి అమల్లో పెట్టింది. మహిళల విభాగంలో ప్రపంచ ర్యాంకింగ్ పోటీలకు దిగాలంటే ప్రతి క్రీడాకారిణీ ఎస్‌ఆర్‌వై అనే జన్యువు ఉందో లేదో జీవితంలో ఒక్కసారి పరీక్ష చేయించుకోవాలి. బుగ్గ నమూనా ఇవ్వొచ్చు, రక్తమైనా ఇవ్వొచ్చు. పరీక్ష చేయించే బాధ్యత ఆయా దేశాల సమాఖ్యలది. అదే సెప్టెంబర్‌లో టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ ఈ నిబంధన కింద జరిగిన మొదటి పెద్ద పోటీ. బాక్సింగ్‌లో వరల్డ్ బాక్సింగ్ సంస్థ అంతకు ముందే, మే నెలలో, ఇలాంటి నిర్ణయమే ప్రకటించింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కూడా కొత్త అధ్యక్షురాలు కిర్‌స్టీ కోవెంట్రీ వచ్చాక మహిళల విభాగం రక్షణ పేరుతో పని మొదలుపెట్టింది.

మన దగ్గర లింగ నిర్ధారణ పరీక్ష అనగానే స్కానింగ్ సెంటర్ గోడ మీద 'ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు' అనే బోర్డు కళ్ల ముందు కదులుతుంది. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. ఆ సమాచారం ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో తెలిసే ఆ చట్టం తెచ్చుకున్నాం. ఇరవై ఏళ్ల అమ్మాయి విషయంలోనూ ఫలితం ఎవరి చేతిలో పడుతుందన్నది అంతే పెద్ద ప్రశ్న. దాన్ని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ముందు ఈ జన్యువు చేసే పనేమిటో చూడాలి. గర్భంలో తొలి ఆరు వారాల వరకు పిండంలో బీజకోశంగా తయారయ్యే కణజాలం ఎటైనా మళ్లగలదు. వై క్రోమోజోమ్ మీదుండే ఎస్‌ఆర్‌వై ఆ సమయంలో పనిలోకి దిగితే అది వృషణాలుగా మారడం మొదలవుతుంది. లేకపోతే అండాశయాల దారి పడుతుంది. 1990లో ఆండ్రూ సింక్లెయిర్, పీటర్ గుడ్‌ఫెలో, రాబిన్ లోవెల్-బాడ్జ్ తదితరులు దీన్ని గుర్తించారు. అయితే ఎస్‌ఆర్‌వై చేసేది మొదటి మలుపు తిప్పడమే. తర్వాత మరెన్నో జన్యువులు పనిచేయాలి. వృషణాలు టెస్టోస్టెరాన్ తయారుచేయాలి. ఆ హార్మోన్‌ను శరీర కణాలు అందుకోవాలి. అందుకున్నప్పుడే కండరం, ఎముక, గుండె, రక్తంలో హిమోగ్లోబిన్ మగ తీరులో పెరుగుతాయి.

చెరువు నిండా నీళ్లున్నా తూము తెరుచుకోకపోతే మడి తడవదు. పతీన్యో శరీరంలో జరిగింది అదే. టెస్టోస్టెరాన్‌ను అందుకునే గ్రాహకాలు ఆమెలో పనిచేయవు. దీన్ని సంపూర్ణ ఆండ్రోజన్ ఇన్‌సెన్సిటివిటీ అంటారు. హార్మోన్ ఎంత ఉన్నా ఆమె కండరాలకు దాని వల్ల ఒరిగేదేమీ లేదు. కొందరిలో తూము సగమే తెరుచుకుంటుంది, అది పాక్షిక స్థితి. 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో టెస్టోస్టెరాన్ ఉంటుంది, గ్రాహకాలూ పనిచేస్తాయి, కానీ బాహ్య జననాంగాలు మగ తీరులో ఏర్పడటానికి కావలసిన మరో హార్మోన్ సరిగా తయారు కాదు. అందుకే పుట్టినప్పుడు మంత్రసాని అయినా డాక్టరైనా ఆడపిల్ల అనే చెబుతారు. యుక్తవయసులో కథ మారుతుంది. ఇలాంటి స్థితులన్నిటినీ కలిపి డీఎస్‌డీ అంటున్నారు, లింగ వికాసంలో తేడాలు అని. ఎస్‌ఆర్‌వై పరీక్ష వీళ్లందరికీ ఒకే జవాబిస్తుంది: ఉంది. చెరువు ఉందో లేదో చెబుతుంది గానీ మడి ఎంత తడిసిందో ఆ పరీక్షకు తెలియదు.

ఈ పరీక్షల చరిత్ర చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. 1966లో బుడాపెస్ట్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్‌లో క్రీడాకారిణులను డాక్టర్ల ముందు బట్టలు లేకుండా నిలబెట్టి చూశారు. అలా చూసి సరే అన్నవాళ్లలో పోలండ్ స్ప్రింటర్ ఎవా క్లోబుకోవ్‌స్కా ఒకరు. మరుసటేడు కీవ్‌లో క్రోమోజోమ్ పరీక్షలో ఆమె తప్పిందన్నారు, నిషేధించారు, రికార్డులు తీసేశారు. ఆ తర్వాత ఆమె ఒక బిడ్డకు తల్లి అయింది. 1968 ఒలింపిక్స్ నుంచి బుగ్గ నమూనా పరీక్ష మామూలైపోయింది. బట్టలిప్పించడం కన్నా ఇది మేలు కదా అని చాలామంది క్రీడాకారిణులే అప్పట్లో ఊపిరి పీల్చుకున్నారు.

ఇక్కడ అట్లాంటా లెక్క చెప్పుకోవాలి. 1996 ఒలింపిక్స్‌లో 3,387 మంది క్రీడాకారిణులను పరీక్షించారు. ఎనిమిది మందికి పాజిటివ్ వచ్చింది. ఏడుగురిలో ఆండ్రోజన్ ఇన్‌సెన్సిటివిటీ, వాళ్లలో ముగ్గురిది సంపూర్ణం, నలుగురిది పాక్షికం. మిగిలిన ఒకరిది ఎంజైమ్ లోపమని భావించారు, ఆమెకు అంతకు ముందే శస్త్రచికిత్స జరిగింది. ఎనిమిది మందినీ ఆడనిచ్చారు. ఆడవేషం వేసుకొచ్చిన మగవాడు ఒక్కడూ దొరకలేదు. అసలు ఈ పరీక్షలు పెట్టిందే ఆ భయంతో. ఇంతమందిని గుచ్చి గుచ్చి చూసి పట్టుకున్నది పుట్టుకతో తేడా ఉన్న ఆడపిల్లలను మాత్రమే అని తేలాక, 1999లో ఒలింపిక్ కమిటీ పరీక్షను ఆపేసింది. అథ్లెటిక్స్ సమాఖ్య అంతకు ముందే, 1992లోనే, అందరికీ చేసే పరీక్షను మానుకుంది.

అదే నమూనా, దాదాపు అదే పరీక్ష. 1996లో పాజిటివ్ వచ్చినవాళ్లకు వెళ్లి ఆడుకోమన్నారు. 2025 నిబంధనలో సంపూర్ణ ఇన్‌సెన్సిటివిటీ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, పాత నిబంధనల కింద అప్పటికే హార్మోన్ తగ్గించే చికిత్సలో ఉన్న కొందరికి పరివర్తన వెసులుబాటు ఉంది. మిగతావాళ్లకు మహిళల విభాగం తలుపు మూసేశారు. మధ్యలో జన్యువేమీ మారలేదు. గీత గీసిన చోటు మారింది. కాబట్టి సైన్స్ తేల్చేసింది అనే మాటను జాగ్రత్తగా వినాలి. గీత గీసింది మనుషులు, దానికి జవాబుదారీ కూడా వాళ్లే.

గీత అవసరమే లేదని వాదించడం కూడా నిజాయితీ కాదు. 800 మీటర్లలో పురుషుల ప్రపంచ రికార్డు 1 నిమిషం 40.91 సెకన్లు, మహిళలది 1 నిమిషం 53.28 సెకన్లు. 100 మీటర్లలో 9.58, 10.49. పరుగులో ఈ పది పన్నెండు శాతం తేడా ఏ దేశంలోనూ, ఏ తరంలోనూ చెరగలేదు. దానికి ప్రధాన కారణం యుక్తవయసులో మగ శరీరంలో ఉప్పెనలా వచ్చే టెస్టోస్టెరాన్. మగవాళ్లలో అది లీటరుకు సుమారు 7.7 నుంచి 29.4 నానోమోల్స్ ఉంటే, ఆడవాళ్లలో సాధారణంగా 2 లోపే. ప్రత్యేక విభాగం లేకపోతే ఒలింపిక్స్ పరుగు ఫైనల్‌లో ఒక్క మహిళా కనిపించదు. తెల్లవారుజామున లేచి పదేళ్లు పరుగెత్తిన అమ్మాయి నాలుగో స్థానంలో నిలిచి, ముందున్నవాళ్లతో పోటీ సమంగా జరిగిందా అని అడిగితే ఆ ప్రశ్నను కసురుకోవడానికి వీల్లేదు. 2016 రియోలో 800 మీటర్ల పతకాలు గెలిచిన ముగ్గురూ, కాస్టర్ సెమెన్యా, ఫ్రాన్సీన్ నియోన్‌సాబా, మార్గరెట్ వంబుయి, టెస్టోస్టెరాన్‌కు పరిమితి పెడుతూ తర్వాత వచ్చిన డీఎస్‌డీ నిబంధనల వల్ల ఆ దూరం పరుగెత్తలేకపోయారు. జన్యు పరీక్షను సమర్థించేవాళ్లు ముందుగా చూపించేది ఆ పోడియంనే.

అయినా సెమెన్యా అత్యుత్తమ సమయం 1 నిమిషం 54.25 సెకన్లు. 1983 నాటి ప్రపంచ రికార్డును ఆమె ఎన్నడూ దాటలేదు. మగవాళ్లకూ ఆడవాళ్లకూ మధ్య ఉన్న పన్నెండు శాతం తేడాను తీసుకొచ్చి ఎస్‌ఆర్‌వై ఉన్న ప్రతి మహిళకూ అంటగట్టడం ఎంతవరకు సబబు? ఈ ప్రశ్నకు బలమైన కొలతలు కావాలి, ఉన్నవి కొద్ది. అథ్లెటిక్స్ సమాఖ్యకు చెందిన పరిశోధకులు 2017లో ఒక వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఆ 2018 నిబంధనలకు ఆధారమైంది. 2021లో అదే పత్రికలో వాళ్లే సవరణ ఇచ్చుకున్నారు. అది ప్రాథమిక అన్వేషణ మాత్రమేనని, టెస్టోస్టెరాన్ వల్లే ఆ ఫలితాలు వచ్చాయని నిరూపించే సాక్ష్యంగా తీసుకోకూడదని. ఈలోగా కెరీర్లు ముగిసిపోయాయి.

జన్యు పరీక్ష లేని ఆ మధ్యకాలం చల్లగా సాగిందనుకోవద్దు. 2011 నుంచి హార్మోన్ పరిమితులు వచ్చాయి. మొదట 10 నానోమోల్స్, 2018లో 5, 2023లో 2.5. పరిమితి లోపలికి రావాలంటే మందులు మింగాలి, లేదా శస్త్రచికిత్స. 2013లో ఫ్రెంచ్ డాక్టర్లు ఒక వైద్య పత్రికలో నలుగురు క్రీడాకారిణుల సంగతి రాశారు. అభివృద్ధి చెందుతున్న దేశాల గ్రామీణ, కొండ ప్రాంతాల పిల్లలు. వయసు 18 నుంచి 21. ఆరోగ్యానికి అవసరం లేకపోయినా లోపలి వృషణాలు తీసేశారు, జననాంగంలోనూ కొంత భాగం కోసేశారు. ఆటలో కొనసాగడానికి ఇదే దారి అని ఆ పిల్లలకు చెప్పారు. ఈ ఒక్క సంగతి చాలు, ఆ పద్ధతి ఎంత దూరం పోయిందో తెలియడానికి. ఎవరిని పరీక్షించాలో తేల్చేది అప్పట్లో అనుమానమే. గొంతు, ఛాతీ, నడక చూసి ఎవరో ఫిర్యాదు చేయాలి. అందరికీ ఒకే పరీక్ష అన్నప్పుడు కనీసం ఆ వేలెత్తి చూపడం పోతుందని కొత్త నిబంధనను సమర్థించేవాళ్లు అంటారు. అందులో నిజం ఉంది.

వేలెత్తి చూపడమంటే ఏమిటో మన దేశానికి బాగా తెలుసు. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా కత్తకురిచ్చి నుంచి వచ్చిన శాంతి సౌందరరాజన్ ఇటుక బట్టీ కూలీల బిడ్డ. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచింది. పరుగు అయ్యాక పరీక్షలన్నారు. ఇంటికొచ్చాక పరీక్షలో తప్పిందన్న వార్త టీవీలో మోగిపోయింది. పతకం లాగేసుకున్నారు. మరుసటేడు ప్రాణం తీసుకోవాలని ప్రయత్నించింది. తర్వాత ఇటుక బట్టీలో కూలికి కూడా వెళ్లింది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన బహుమతి డబ్బుతో పిల్లలకు పరుగు నేర్పింది, చివరికి ప్రభుత్వ కోచ్ అయింది. పతకం తీసుకున్నవాళ్లు ఎవరైనా ఆమె పక్కన కూర్చుని, అమ్మా నీ శరీరంలో ఉన్న తేడా ఇది, దీనికి నీ తప్పేమీ లేదు అని చెప్పినట్టు ఎక్కడా కనిపించదు.

ఎనిమిదేళ్లకు ద్యుతీ చంద్ వంతు వచ్చింది. ఒడిశా జాజ్‌పూర్ జిల్లా చేనేత కుటుంబం, 18 ఏళ్లు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు కొద్ది రోజుల ముందు జట్టు నుంచి తీసేశారు, కారణం హార్మోన్. ఊళ్లో తలెత్తుకోలేని మాటలు మీడియాలో వచ్చాయి. అప్పుడు ఆమెకు నీడ దొరికింది హైదరాబాద్‌లో. గోపీచంద్ అకాడమీ తలుపు తెరిచింది, కోచ్ నాగపురి రమేశ్ దగ్గర సాధన సాగింది. బ్యాడ్మింటన్ అకాడమీలో స్ప్రింటర్‌కు చోటివ్వడం చిన్న సంగతేమీ కాదు. మందులు వాడను, కోత పెట్టించుకోను, నిబంధన మీదే పోరాడతాను అని ఆమె స్విట్జర్లాండ్ నగరం లొసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జూలైలో ఆ న్యాయస్థానం హార్మోన్ నిబంధనను నిలిపివేసింది. ఆ హార్మోన్ వల్ల ఇంత లాభమని చెప్పే సాక్ష్యం సరిపోదు, రెండేళ్లలో తెచ్చి చూపండి అని సమాఖ్యను ఆదేశించింది. ద్యుతీ రియో ఒలింపిక్స్‌లో పరుగెత్తింది, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్లలో రజతాలు తెచ్చింది. తర్వాతి కాలంలో ఆమెపై డోపింగ్ నిషేధం పడింది. అది వేరే వ్యవహారం, ఈ పోరాటంతో కలపకూడదు.

ఇప్పుడు అందరికీ పరీక్ష. కోర్టుల్లో దీని సంగతి ఇంకా తేలాల్సే ఉంది. ఫ్రాన్స్‌లో వైద్య అవసరం లేకుండా జన్యు పరీక్ష చేయడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని ఫ్రెంచ్ క్రీడాకారిణులు దేశం దాటి వెళ్లి పరీక్ష చేయించుకోవాల్సి వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో లివర్‌పూల్ ప్రపంచ బాక్సింగ్ పోటీలకు వెళ్లిన ఫ్రాన్స్ మహిళా జట్టును, ఫలితాలు గడువులోగా అందలేదని బరిలోకే దించలేదు. అదే ఏడాది జులై 10న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం, హార్మోన్ నిబంధనల మీద సెమెన్యా వేసిన కేసులో స్విట్జర్లాండ్ కోర్టు ఆమె వాదనను తగినంత లోతుగా పరిశీలించలేదని, న్యాయమైన విచారణ హక్కు దెబ్బతిన్నదని తీర్పిచ్చింది. ఆ నెల ముగియకముందే కొత్త జన్యు నిబంధన ప్రకటన వెలువడింది. ఎస్‌ఆర్‌వైని కనిపెట్టిన బృందంలోని సింక్లెయిరే ఈ పరీక్షను బాహాటంగా వ్యతిరేకించాడు. జన్యువు ఉన్నదో లేదో తెలుస్తుందే తప్ప వృషణం ఏర్పడిందా, టెస్టోస్టెరాన్ తయారైందా, శరీరం దాన్ని వాడుకుందా అన్నవి తెలియవని ఆయన వాదన. ల్యాబ్‌లో పనిచేసే మగ టెక్నీషియన్ డీఎన్‌ఏ కాస్త కలిసినా తప్పుడు పాజిటివ్ రావొచ్చని కూడా హెచ్చరించాడు.

పరీక్ష ఉంటుందనే అనుకుందాం. అప్పుడు దాన్ని ఎక్కడ, ఎప్పుడు, ఎవరి సమక్షంలో చేస్తారన్నదే అసలు విషయమవుతుంది. అండర్-20 పోటీల్లో 16, 17 ఏళ్ల పిల్లలు కూడా దిగుతారు. జిల్లా స్థాయి నుంచి పైకొచ్చిన అమ్మాయికి సమాఖ్య ఒక ఫారం ఇచ్చి సంతకం పెట్టమంటుంది. పెట్టకపోతే జట్టులో చోటు లేదు. దాన్ని సమ్మతి అనడం కష్టం. ఆ ఫారం తెలుగులోనో తమిళంలోనో ఒడియాలోనో, ఆమెకూ తల్లిదండ్రులకూ అర్థమయ్యే మాటల్లో ఉండాలి. పాజిటివ్ వస్తే ఏమిటో పరీక్షకు ముందే చెప్పాలి, తర్వాత కాదు. ఫలితం కోచ్‌కో, సమాఖ్య కార్యదర్శికో, ఊరి విలేకరికో కాకుండా మొదట ఆమెకే తెలియాలి, అదీ జన్యు కౌన్సెలర్ ఎదురుగా ఉండగా. పోటీకి వారం ముందు చేసే పరీక్షలో ఫలితాన్ని దాచడం ఎవరి వల్లా కాదు. ప్రకటించిన జట్టులోంచి ఒక పేరు మాయమైతే ఎందుకో ఊరంతా ఊహిస్తుంది. అందుకే జట్టు ఎంపికకు నెలల ముందే ఇది ముగిసిపోవాలి. ఆటలో కొనసాగలేనని తేలిన అమ్మాయికి హాస్టల్, చదువు, క్రీడా కోటాలో వచ్చిన ఉద్యోగం ఉంటాయా పోతాయా అన్నది కూడా రాతలో ఉండాలి. మన దగ్గర చాలామంది పేద పిల్లలు పరుగు మొదలుపెట్టేదే రైల్వేలోనో పోలీసులోనో ఆ ఉద్యోగం కోసం.

పతీన్యో కథలో ఇంకొంచెం ఉంది. ఫిన్లాండ్ జన్యు శాస్త్రవేత్త ఆల్బర్ట్ డి లా షపెల్ వంటివాళ్లు ఆమె పక్షాన నిలిచారు. ఆమె శరీరానికి ఆ హార్మోన్ పనిచేయదు కాబట్టి ఏ లాభమూ లేదని చివరికి ఒప్పుకుని 1988లో తిరిగి అనుమతించారు. అప్పటికి సాధనలో మూడేళ్లు పోయాయి. 1992లో సొంత దేశంలో, బార్సిలోనాలో ఒలింపిక్స్. అర్హత పోటీలో సెకనులో పదో వంతు తేడాతో అవకాశం చేజారింది. నేటి నిబంధన ప్రకారం చూసినా ఆమె అర్హురాలే, మినహాయింపు ఆమెలాంటివాళ్ల కోసమే రాశారు. కానీ దూది పుల్ల ముందుగా చెప్పేది పాజిటివ్ అనే. ఆ తర్వాత రక్త పరీక్షలు, స్కానింగులు, నిపుణుల నివేదికలు అయ్యాక గానీ మినహాయింపు వర్తిస్తుందని తేలదు. ఆ పాజిటివ్‌కూ మినహాయింపు ఉత్తర్వుకూ మధ్య ఎన్ని రోజులు పట్టాలి, అన్ని రోజులూ ఆమె పేరు ఎవరెవరి నోట్లో నానాలి అన్నవి సమాఖ్యలు ఇప్పుడే, మరో అమ్మాయి ఫలితం రాకముందే, రాసి పెట్టుకోవాలి.